పళ్లు అరిగేది వయసుకేనా?

సందేహాలు - సమాధానాలు: దంత ఆరోగ్యం

పిప్పిపన్ను గురించి అడిగేవారు ప్రతి నెలా ఉంటారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పుచ్చు పట్టకుండానే అరిగిపోతున్న పళ్ల గురించి. రాసినవాళ్లలో పాతికేళ్ల కుర్రాళ్లున్నారు, అరవై దాటిన పెద్దలున్నారు, రైతులున్నారు, క్వారీ పనివాళ్లున్నారు, ఐటీ ఉద్యోగులున్నారు. అందరికీ ఒకటే అనుమానం: ఇది వయసు వల్లా, పని వల్లా, ఊరి నీళ్ల వల్లా? వరసగా చూద్దాం.

ప్రశ్న: నాకు అరవై రెండేళ్లు, రిటైర్డ్ టీచర్ని. ఇంతవరకు ఒక్క పన్నూ పుచ్చలేదు. కానీ ముందుపళ్లు పొట్టివైపోయాయి, నవ్వితే కనబడటమే లేదు. దవడపళ్ల మీద పసుపుపచ్చగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. డాక్టరుగారు "వయసు కదండీ" అని పంపించేశారు. నిజంగా వయసేనా?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: సగమే నిజం. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అయితే పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేనాటికే ఆ పొరను తయారుచేసిన కణాలు నశించిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. అరిగిన ఎనామిల్ మాత్రం మళ్లీ పుట్టదు. మామూలుగా నమలడం వల్లే దవడపళ్ల ఎనామిల్ ఏడాదికి దాదాపు 30 మైక్రాన్ల చొప్పున తగ్గుతుందని 1989లో బెల్జియం పరిశోధకులు కొలిచి చెప్పారు. అంటే ముప్పై ఏళ్లకు దాదాపు ఒక మిల్లీమీటరు. దవడపంటి మొనల దగ్గర ఎనామిల్ మందం మహా అయితే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. కాబట్టి అరవై దాటిన నోట్లో కొంత అరుగుదల ఉండి తీరుతుంది. అది జబ్బు కాదు.

ఇక మిగతా సగం. అనేక దేశాల సర్వేలను ఒకచోట చేర్చి 2009లో ఒక సమీక్ష వెలువడింది. తీవ్రమైన అరుగుదల ఇరవై ఏళ్లవారిలో 3 శాతం మందికి, డెబ్బై ఏళ్లవారిలో 17 శాతం మందికి ఉంటుందని అది తేల్చింది. వయసుతో పెరుగుతున్న మాట వాస్తవమే. కానీ డెబ్బై ఏళ్లొచ్చినా నూటికి ఎనభై ముగ్గురికి ఆ తీవ్రత లేదు. వయసొక్కటే చాలితే వాళ్లందరికీ ఎందుకు రాలేదు?

పళ్లు అరగడానికి దారులు మూడు. పన్నూ పన్నూ రాసుకుంటే పైనా కిందా ఒకదానికొకటి సరిపోయే నున్నటి, మెరిసే పలకలు పడతాయి. బ్రష్షో, బూడిదో, దారమో బయటి నుంచి ఒరుసుకుంటే ఆ వస్తువు తగిలేచోట గాడి పడుతుంది. ఆమ్లం తగిలితే పన్ను కరుగుతుంది. అప్పుడు మొనల మీద గుంటలు పడతాయి, పాత ఫిల్లింగ్ ఉంటే పన్ను కరిగి అది మాత్రం ఎత్తుగా నిలబడుతుంది. మీరు రాసిన పసుపు గుంటలు ఆమ్లం గుర్తులా ఉన్నాయి. ఎనామిల్ పోయి లోపలి డెంటిన్ బయటపడితే ఆ రంగు వస్తుంది. పుల్లతేన్పులు, ఛాతీలో మంట, పడుకున్నాక గొంతులోకి పులుపు రావడం ఉన్నాయేమో గమనించండి. ఉంటే పళ్ల డాక్టరుతో పాటు ఉదరకోశ వైద్యుణ్ణి కూడా కలవాలి. కడుపులోని ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటైనది. అది ఆగకుండా పళ్లకు ఏ మరమ్మతు చేసినా నిలవదు.

ప్రశ్న: మా ఆయనకు 48, నాకు 45. ఒక్క పొయ్యి మీది వంటే ఇద్దరం తింటం. ఆయన పండ్లు సగానికి అరిగినయ్, నావి బాగనే ఉన్నయ్. మగవాళ్ల పండ్లు మెత్తగ ఉంటయా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: లేదమ్మా, పంటి గట్టిదనంలో ఆడా మగా తేడా చెప్పుకోదగ్గంత ఉండదు. అయినా మీరు చూసింది సర్వేల్లో కూడా కనబడేదే. 2009లో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పెద్దవాళ్ల పళ్లను పరీక్షించినప్పుడు నూటికి 77 మంది ముందుపళ్లలో డెంటిన్ దాకా ఏదో ఒక మేర అరుగుదల కనబడింది. మధ్యస్థంగా అరిగినవారు 15 శాతం, తీవ్రంగా అరిగినవారు 2 శాతం. ఆ లెక్కల్లో ఆడవాళ్ల కన్నా మగవాళ్లే ముందున్నారు. చాలా దేశాల్లో ఇదే వరస.

కారణం కొంత ఒంట్లో ఉంది. మగవాళ్ల దవడ కండరాలు పెద్దవి, కొరుకుడు బలం ఎక్కువ. ఎక్కువ భాగం మాత్రం ఇంటి బయట ఉంది. ఇంట్లో కూర ఒకటే కావచ్చు. బయట తాగే సోడాలు, కూల్‌డ్రింకులు, బీరు, నోట్లో రోజంతా నలిగే వక్కపలుకులు, పాన్‌మసాలా, గుట్కా ఎవరి వంతుకు ఎక్కువ? వక్క గట్టిగింజ. గంటల తరబడి నమిలేవాళ్ల దవడపళ్లు బల్లపరుపుగా అరిగిపోతాయి. నోటి క్యాన్సర్ ముప్పు అంతకన్నా పెద్ద సంగతి. మీ వారికి ఆ అలవాటుంటే పళ్ల కోసమే కాదు, ప్రాణం కోసం మాన్పించాలి.

నిద్రలో పళ్లు నూరడం మగవాళ్ల అలవాటని చాలామంది అనుకుంటారు. పరిశోధనల్లో ఆడా మగా మధ్య దాదాపు తేడా కనబడలేదు. పెద్దవాళ్లలో నూటికి పన్నెండు, పదమూడు మందికి అది ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

అలాగని ఆడవాళ్లు నిశ్చింతగా ఉండటానికి లేదు. సగటున వాళ్లకు లాలాజలం కొంచెం తక్కువ ఊరుతుంది. వేవిళ్లలో నెలల తరబడి వాంతులైన తల్లులకు పై ముందుపళ్ల లోపలి వైపు ఆమ్లం తగులుతుంది. అద్దంలో ఆ వైపు కనబడదు కాబట్టి ఏళ్ల తర్వాత గానీ తెలియదు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేసుకోకూడదు. చిటికెడు తినే సోడా కలిపిన నీళ్లతో పుక్కిలిస్తే ఆమ్లం విరుగుతుంది.

ప్రశ్న: పశువుల సంతలో కోడె నోరు తెరిచి, రెండు పళ్లదా నాలుగు పళ్లదా అని చూసి వయసు చెప్తాం. మనిషి పళ్లు చూసి కూడా అలా చెప్పొచ్చా?
- ఒక రైతు, ఒంగోలు దగ్గర పల్లె నుంచి

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. కోడె విషయంలో మీరు మొదట చూసేది అరుగుదలను కాదు, పాలపళ్లు రాలి కింది ముందుపళ్లు జతలుగా మారడాన్ని. సుమారు రెండేళ్లకు మొదటి జత, ఐదేళ్లు నిండేసరికి నాలుగో జత వచ్చి ఎనిమిది పళ్లూ పూర్తవుతాయి. ఆ తర్వాతే అరుగుదలను బట్టి అంచనా కడతారు. ఒకే నేల మీద, ఒకే రకం మేత మేసే పశువులు కాబట్టి ఆ అంచనా చాలావరకు కుదురుతుంది.

మనుషుల్లోనూ ఆ ప్రయత్నం జరిగింది. స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్సన్ 1950లో పంటిలో వయసుతో వచ్చే ఆరు మార్పులను లెక్కగట్టాడు. అరుగుదల వాటిలో ఒకటి. 1963లో బ్రోత్వెల్ ప్రాచీన బ్రిటన్ పుర్రెల దవడపళ్ల అరుగుదలతో ఒక పట్టిక వేశాడు. పురావస్తు తవ్వకాల్లో అలాంటి పట్టికలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఆ కాలపు జనం రాతి తిరగళ్లలో విసిరిన పిండి తిన్నారు. రాతిపొడి కూడా దాంతోపాటే నోట్లోకి పోయేది. అందరూ ఒకే తిండి తిన్నారు కాబట్టి వయసుకూ అరుగుదలకూ పొంతన కుదిరింది.

ఇప్పుడు మిల్లు బియ్యం, మెత్తటి రొట్టె తినే నలభై ఏళ్ల మనిషి పళ్లను ఆ పట్టికతో పోలిస్తే వయసు బాగా తక్కువ వస్తుంది. అదే వయసువాడు కూల్‌డ్రింకులకు అలవాటుపడితే బాగా ఎక్కువ వస్తుంది. అందుకే బతికున్న మనిషి వయసు తేల్చాల్సి వచ్చినప్పుడు కుర్రకారుకైతే జ్ఞానదంతాల ఎదుగుదలను ఎక్స్‌రేలో చూస్తారు గానీ అరుగుదలను నమ్ముకోరు.

ప్రశ్న: నాకు 27. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, రాత్రి షిఫ్టు. పొద్దున్నే నిమ్మరసం, తేనె. జిమ్‌లో స్పోర్ట్స్ డ్రింక్. షిఫ్టులో షుగర్‌లెస్ కోలా, ఎనర్జీ డ్రింక్. చక్కెర అసలు ముట్టను. డెంటిస్ట్ ఎనామిల్ పోతోందంటున్నారు. ఇది పెద్దవాళ్ల సమస్య కదా?
- ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: ఇప్పుడది కుర్రవాళ్ల సమస్య కూడా. ఏడు ఐరోపా దేశాల్లో 18 నుంచి 35 ఏళ్ల లోపువారు మూడు వేలకు పైగా మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 29 శాతం మందికి చెప్పుకోదగ్గ అరుగుదల ఉంది. ఛాతీలో మంట, తరచు వాంతులు, పులుపు పండ్లు, పళ్లరసాలు ఎక్కువగా తీసుకోవడం ఉన్నవారిలో అది ఎక్కువగా కనబడింది.

మీరు చక్కెర మానేసి పిప్పి ముప్పును కొంత తగ్గించుకున్నారు. ఇక్కడ దోషి చక్కెర కాదు, ఆమ్లం. నోట్లో పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఘాటు) సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. కోలా పీహెచ్ 2.5 చుట్టుపక్కల ఉంటుంది, నిమ్మరసానిది ఇంకాస్త తక్కువ. షుగర్‌లెస్ డబ్బాలో చక్కెర తీసేస్తారు గానీ ఫాస్ఫారిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం అలాగే ఉంటాయి. ఆమ్లం తగిలాక లాలాజలం దాన్ని పలచబరిచి, విరిచి, కాల్షియం అందించి పంటిని కాపాడాలంటే వ్యవధి కావాలి. ఒక్క డబ్బాను నాలుగు గంటలపాటు గుటక గుటకగా చప్పరిస్తుంటే ఆ వ్యవధి దొరకదు. ఎంత తాగారన్న దానికన్నా ఎన్నిసార్లు తాగారన్నదే ముఖ్యం.

మీ దినచర్యలో ఇంకో రెండు చిక్కులున్నాయి. జిమ్‌లో చెమటోడ్చి నోరు ఎండినప్పుడు లాలాజలం తక్కువ. సరిగ్గా అప్పుడే పుల్లటి డ్రింకు పోస్తున్నారు. షిఫ్టు అయ్యాక కడుపునిండా తిని వెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి దాన్ని కడిగే దిక్కుండదు.

నిమ్మనీళ్లు మానలేకపోతే భోజనంతో పాటు ఒక్కసారి తాగేయండి, పరగడుపున వద్దు. జిమ్‌లో మంచినీళ్లు చాలు. షిఫ్టులో మజ్జిగ తాగండి. పెరుగు కూడా పుల్లనిదే అంటారేమో. అందులో కాల్షియం, ఫాస్ఫేట్ నిండుగా ఉండటం వల్ల ఎనామిల్‌లోంచి ఖనిజం బయటికి రాదు. పులుసు, చారు గురించి భయపడకండి. అన్నంలో కలిసి, నములుతుంటే ఊరే లాలాజలంతో పాటు కడుపులోకి పోతాయి. చింతపండు, మామిడికాయ ముక్కలు బుగ్గన పెట్టుకుని చప్పరించడమే ప్రమాదం.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై. చిన్నప్పుడు కచ్చిక బూడిద, తర్వాత ఎర్ర పళ్లపొడి. వేలితో గట్టిగా తోముతారు. పళ్లన్నీ మొదళ్ల దగ్గర కోసేసినట్టున్నాయి. బ్రష్ ఇస్తే "మీ పట్నపు బ్రష్షులు మాకొద్దు" అంటారు. పల్లెల్లో పళ్లు ఎక్కువ అరుగుతాయా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పల్లె, పట్నం అన్న తేడా అరుగుదల ఎంత అన్నదాంట్లో కన్నా, ఎక్కడ అరిగింది అన్నదాంట్లో బాగా తెలుస్తుంది. బూడిద, బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు, ఎర్రమట్టి కలిసిన పొడులు గరుకుగా ఉంటాయి. వయసుతో చిగుళ్లు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు. అక్కడి డెంటిన్ ఎనామిల్ కన్నా చాలా మెత్తన. మీ అత్తగారికి మొదళ్ల దగ్గర కోతలు పడింది అందుకే. కొన్ని ఎర్రపొడుల్లో ఒకప్పుడు పొగాకు కూడా కలిపేవారు. పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా పేరూ ఊరూ లేని పొట్లాలు కొనకుండా ఉండటం మేలు.

అత్తగారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. పట్నంలో గట్టి కుచ్చుల బ్రష్షు పట్టుకుని అడ్డంగా, నేల తోమినంత బలంగా తోముకునేవాళ్లకూ అవే కోతలు పడుతున్నాయి. కుడిచేతివాటం వాళ్లకు ఎడమవైపు కోరపన్ను, దాని పక్క పళ్లు ముందుగా దెబ్బతింటాయి. చెయ్యి అక్కడ బలంగా ఆనుతుంది. తెల్లదనం కోసమంటూ అమ్మే బొగ్గు పేస్టులు పాత బూడిదకు కొత్త ట్యూబు తొడిగినవే.

వేపపుల్లను తప్పుపట్టక్కర్లేదు. కొసను బాగా నమిలి మెత్తటి కుచ్చుగా చేసుకుని, చిగురు నుంచి పంటి కొస వైపు నెమ్మదిగా తోమితే హాని తక్కువ. అత్తగారిని ఒక్కసారిగా మార్చాలని చూడకండి. పొడి మానిపించి, మెత్తటి బ్రష్షు మీద బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు ఇవ్వండి. కోతలు లోతుగా ఉండి జివ్వుమంటుంటే వాటిని పంటిరంగు ఫిల్లింగ్‌తో పూడ్చవచ్చు.

ప్రశ్న: మార్కాపురంలో పలకల క్వారీ పని మాది. నాన్న, అన్న, నేను ముగ్గురికీ పళ్లు అరిగాయి. మా చెల్లెలు బట్టలు కుడుతుంది, దాని ముందుపంటికి చిన్న గాడి పడింది. ఇది వంశపారంపర్యమా?
- ఒక పాఠకుడు

జవాబు: వంశం కన్నా వృత్తినే ముందు అనుమానించాలి. రాతిదుమ్ము నోట్లో పడి లాలాజలంతో కలిస్తే, నమిలిన ప్రతిసారీ పళ్ల మధ్య అది ఆకురాయి పని చేస్తుంది. డెన్మార్క్‌లో గ్రానైట్ కార్మికులను పరీక్షించినప్పుడు పని చేసిన కాలం పెరిగేకొద్దీ అరుగుదల పెరిగినట్టు తేలింది. బరువులెత్తేటప్పుడు, సుత్తి దెబ్బ వేసేటప్పుడు పళ్లు బిగపట్టడం దీనికి తోడు. మీ చెల్లెలిది వేరే రకం. దారం కొరికినచోట, సూది పట్టుకున్నచోట సరిగ్గా ఆ మందాన గాడి పడుతుంది. మేకులు నోట్లో పెట్టుకునే వడ్రంగులకు, దారం పళ్లతో తెంపే పూలమాలల వాళ్లకు, పిన్నులు పళ్లతో విప్పే బ్యూటీషియన్లకు కూడా ఇంతే. బ్యాటరీల కర్మాగారాల్లో ఆమ్లపు ఆవిరి పీల్చేవారికి పెదవి కప్పని ముందుపళ్ల కొసలు కరుగుతాయి.

మీ ముగ్గురూ పనిలో మాస్కు తప్పనిసరిగా పెట్టుకోండి. నోటితో కాక ముక్కుతో ఊపిరి తీసుకోండి. మధ్యమధ్యలో నీళ్లతో పుక్కిలించండి. రాతిదుమ్ము పళ్లకు చేసే కీడు కన్నా ఊపిరితిత్తులకు చేసేది పెద్దది. కాబట్టి దగ్గు, ఆయాసం ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. చెల్లెలికి ఓ చిన్న కత్తెర కొనిస్తే చాలు.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. నా పండ్ల మీద గోధుమరంగు మచ్చలు, పెచ్చులు ఊడినట్టు గుంటలు. మా పిల్లలవి తెల్లగనే ఉన్నయ్. నావి అరిగినట్టా, ఫ్లోరైడ్ వల్లనా?
- ఒక పాఠకుడు

జవాబు: మొదలు ఫ్లోరైడ్‌దే అయి ఉంటుంది. మన ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్ చరిత్ర పాతది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని గుర్తించి 1937లో వైద్యపత్రికలో ప్రకటించారు. నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని పక్షంలో 1.5 దాకా ఒప్పుకుంటారు.

దంత ఫ్లోరోసిస్ పుట్టిననాటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల లోపు, అంటే శాశ్వత దంతాల ఎనామిల్ తయారయ్యే వయసులో తాగిన నీటి వల్లే వస్తుంది. పెద్దయ్యాక ఆ ఊరికి కాపురానికి వచ్చిన కోడలి పళ్లకు అది రాదు. ఎముకల ఫ్లోరోసిస్ మాత్రం పెద్దవాళ్లకూ రావచ్చు. మీ పిల్లలు పుట్టేనాటికి నది నీరు ఇంటికి వచ్చి ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు తరాల పళ్లు వేరువేరుగా ఉండటానికి కారణం అదే. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో ఎనామిల్ పైపొర కింద గుల్లగా తయారవుతుంది. నమిలే ఒత్తిడికి ఆ పైపొర పెచ్చులుగా ఊడుతుంది. అక్కణ్ణుంచి అరుగుదల తొందరగా సాగుతుంది. గట్టి గింజలు, వక్కలు, ఎముకలు కొరకడం మానండి. ముందుపళ్లకు పంటిరంగు కాంపోజిట్ పూతతో రూపమూ రక్షణా రెండూ వస్తాయి.

ప్రశ్న: తిరుపతిలో ప్రజారోగ్యం చదువుతున్నాను. పంటి అరుగుదల మీద ప్రాజెక్టు. వయసు, లింగం, చదువు, ఆదాయం, ఊరు అన్నీ ఫారంలో పెట్టమన్నారు. వీటిలో అసలు కారణం ఏది?
- ఒక విద్యార్థిని

జవాబు: వీటిలో ఏదీ కారణం కాదమ్మా. కారణం ఏ వీధిలో కాపురముందో చెప్పే చిరునామాలివి. ఆదాయాన్నే తీసుకోండి. కొన్ని దేశాల్లో పేదవాళ్లలో అరుగుదల ఎక్కువ వచ్చింది, కొన్నిచోట్ల కలిగినవాళ్లలో ఎక్కువ వచ్చింది. కూల్‌డ్రింకు చవకగా దొరికే సమాజంలో ఒక రకంగా, పళ్లరసాలు డబ్బున్నవాళ్లకే అందే సమాజంలో మరో రకంగా వస్తుంది. చదువు కూడా అంతే. చదువుకున్నవాళ్లు పళ్లు ఊడకుండా కాపాడుకుంటారు. ఎక్కువ కాలం నిలిచిన పన్ను ఎక్కువ అరుగుతుంది.

మూడు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, మీ సర్వేలో డెబ్బై ఏళ్లవారికీ ముప్పై ఏళ్లవారికీ ఉన్న తేడా అంతా వయసుది కాదు. వాళ్లు వేరు కాలాల్లో పుట్టి, వేరు తిండి తిని పెరిగారు. ఒకే రోజు చేసిన సర్వే ఈ రెంటినీ విడదీయలేదు. రెండు, తీవ్రంగా అరిగిన పళ్లు కొన్ని ఈపాటికే పీకేసి ఉంటారు. అవి మీ లెక్కలోకి రావు. అందుకే వృద్ధుల్లో అరుగుదల ఉన్నదానికన్నా తక్కువగా కనబడవచ్చు. మిగిలిన పళ్లెన్ని, వాటిలో పైనా కిందా జతపడేవెన్ని అని తప్పక రాసుకోండి. మూడు, కొలమానం. స్మిత్, నైట్ 1984లో చేసిన సూచికతో కొలిస్తే ఒక అంకె, 2008లో వచ్చిన బేవే సూచికతో కొలిస్తే ఇంకో అంకె వస్తాయి. బేవేలో నోటిని ఆరు భాగాలు చేసి, ఒక్కోదానిలో ఎక్కువ దెబ్బతిన్న పంటికి 0 నుంచి 3 దాకా మార్కు వేస్తారు. గ్రామాల్లో సులువుగా చేయవచ్చు. కానీ వేరే సూచిక వాడిన సర్వేతో మీ శాతాలను పోల్చకండి.

ఫారంలో "వృత్తి" అని ఒక గడి పెట్టి వదిలేయకండి. దుమ్ములో పనా, నోటితో ఏమైనా పట్టుకుంటారా, షిఫ్టు ఏమిటి, రోజుకు ఎన్నిసార్లు పులుపు తీసుకుంటారు, పుల్లతేన్పులు ఉన్నాయా, దేనితో తోముకుంటారు అని అడగండి. ఆ జవాబులు చేర్చాక కూడా ఆడా మగా తేడా, ఊరి తేడా మిగిలితే అప్పుడే దాని గురించి మాట్లాడాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా అమ్మకు 68, షుగరు, బీపీ. విజయవాడలో ఉన్నప్పుడు దవడపళ్లు ఒక్కొక్కటే పీకించుకుంది. ఇప్పుడు ముందుపళ్లు అరిగి నోరు ఎండిపోతోంది. ఇక్కడి డెంటిస్ట్ నోరంతా క్రౌన్లు వేయాలంటున్నారు. అవసరమా?
- ఒక పాఠకురాలు

జవాబు: తొందరపడకండి. మీ అమ్మగారి ముందుపళ్లు చేయాల్సిన పని కన్నా ఎక్కువ చేస్తున్నాయి. నమలడం దవడపళ్ల పని. అవి లేనప్పుడు ఆ బరువు కొరకడానికి ఉన్న పళ్ల మీద పడుతుంది. దానికి తోడు అదుపులో లేని షుగరు, కొన్ని బీపీ మాత్రలు, అలర్జీ మాత్రలు లాలాజలాన్ని తగ్గిస్తాయి. మందులు సొంతంగా ఆపొద్దు. నోరు ఎండుతోందని వాళ్ల ఫిజీషియన్‌కు చెబితే మార్చడానికి వీలుంటే మారుస్తారు. నోరు ఎండుతోందని ఎండు ఉసిరిముక్క, నిమ్మబిళ్లలు చప్పరిస్తున్నారేమో అడగండి. మన పెద్దవాళ్లలో ఇది మామూలే, పళ్లకు మాత్రం అదే చేటు. చక్కెర లేని చూయింగ్‌గమ్, గుక్కెడు నీళ్లు మంచివి.

చికిత్సలో వరస ముఖ్యం. ముందు కారణాన్ని ఆపాలి. తర్వాత ఫొటోలు, స్కాన్ తీసి ఆరు నెలలకో ఏడాదికో పోల్చి, అరుగుదల ఇంకా సాగుతోందా, ఆగిందా చూడాలి. తీవ్రమైన అరుగుదలకు కూడా ముందు కారణాలను సరిదిద్ది గమనించాలని, మరమ్మతు తప్పనిసరైతే ఉన్న పన్నును కోయకుండా పైన చేర్చే పద్ధతిలో చేయాలని 2017లో ఐరోపా నిపుణులు ఏకాభిప్రాయంగా చెప్పారు. అమ్మగారికి ముందుగా దవడపళ్ల స్థానంలో కట్టుడుపళ్లో, మరొకటో అమర్చాలి. అది లేకుండా ముందుపళ్లకు ఏం కట్టినా విరిగిపోతుంది. ఆ తర్వాత ముందుపళ్లను కాంపోజిట్‌తో పెంచవచ్చు. నోరంతా క్రౌన్లకు ఒప్పుకునే ముందు రెండో అభిప్రాయం తీసుకోండి.

చిన్న సందేహాలు

నొప్పి, జివ్వుమనడం లేకపోతే అరుగుదల ఆగినట్టేనా? (కాకినాడ) కాదు. నెమ్మదిగా అరుగుతున్నప్పుడు పన్ను లోపలి నుంచి కొత్త డెంటిన్ వేసుకుని నరాన్ని కాపాడుకుంటుంది. అందుకే చాలా అరిగినా నొప్పి ఉండదు. పాత ఫొటోల్లో మీ నవ్వును ఇప్పటి నవ్వుతో పోల్చి చూడండి.

రాత్రి నోట్లో పెట్టుకునే గార్డుతో అరుగుదల పోతుందా? (కరీంనగర్) పళ్లు నూరే అలవాటు పోదు. అరిగేది పన్ను కాకుండా గార్డు అవుతుంది. పుల్లతేన్పులున్నవారు డాక్టరును అడగకుండా వాడొద్దు. ఆమ్లం గార్డు కింద చేరి నిలవ ఉండవచ్చు.

పళ్లు తెల్లబడటానికి నిమ్మతొక్క, ఉప్పు రుద్దుతున్నాను. (కర్నూలు) ఈ రోజే ఆపేయండి. ఆమ్లంతో మెత్తబరిచి, గరుకుతో గీకడం అది. తెల్లగా ఉండేది ఎనామిలే. అది పోయేకొద్దీ పసుపు డెంటిన్ బయటపడి ఇంకా పచ్చగా కనబడతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం చెప్పాలి? (నెల్లూరు) వయసు చెప్పి ఊరుకోకండి. ఏం పని చేస్తారు, ఏం తాగుతారు, రోజుకు ఎన్నిసార్లు, దేనితో తోముకుంటారు, ఏ మాత్రలు వాడుతున్నారు, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. "వయసు కదా" అన్న జవాబు వస్తే ఆ కాగితం ఆయన ముందు పెట్టండి.